నీళ్లు దూరనంతలో

మా ఆవిడకు చీర రంగుకొక హ్యాండ్‌బ్యాగు ఉండాలి. ఆరోదాని కోసం ఈ సాయంత్రం ఏలూరులో షాపుకి వెళ్లాం. మూడు వందలు దాటకూడదని దారిలోనే ఒప్పందం.

మా పక్కనే, కొల్లేటి లంక ఊరి నుంచి వచ్చిన ఒకామె ఒక బ్యాగు జిప్పు మూసి దాని మీద సీసాలో నీళ్లు పోసింది.

"అయ్యయ్యో, ఏంటమ్మా ఇది! ఎంతలో కావాలో చెప్పండి," అన్నాడు షాపాయన.

"నీళ్లు దూరనంతలో ఇవ్వండి బాబూ. పొలం కాగితాలు పెట్టుకోవాలి. పొద్దున్నే మా గుమ్మం దాకా వచ్చేసిందండి కొల్లేరు."

బేరమాడకుండా ఆరు వందలు ఇచ్చి వెళ్లింది. కొల్లేటి లంకలకు వరద ప్రమాదం లేదన్న అధికారుల మాటను మధ్యాహ్నం మా పేపరుకి వార్తగా పంపింది నేనే.

మా ఆవిడ ఏమీ కొనలేదు. ఇంటికొచ్చి తన ఐదు బ్యాగుల మీదా నీళ్లు పోసి చూసింది. ఒక్కటీ నీళ్లు ఆపలేదు.

మీ ఇంటి కాగితాలు దేంట్లో ఉన్నాయండీ?