మా ఇంటికి రంగేసిన ఏండ్లు

ఎవరింటికి పోయినా మా అత్తమ్మ మొదట గోడల దిక్కే చూసేది. చాయ్ చేతికి రాకముందే అడిగేది, "రంగేసి ఎన్నేండ్లైంది బిడ్డా?" అని. పెండ్లిండ్లలో అడిగేది, పురుడు చూడబోయిన ఇంట్లో అడిగేది. ఒకసారి పిట్లం పోయే బస్సులో పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని ఆమెను కూడా అడిగింది. ఆమె కాస్త ఆలోచించి, "యాదికి లేదవ్వా. మా మామ ఉన్నప్పుడేసిండ్రు" అంది. అత్తమ్మ తల ఊపి కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చుంది. ఆ జవాబు ఆమెకు సరిపోయినట్టే ఉంది.

నేను బాన్సువాడకు కోడలిగా వచ్చింది తొంభైల మొదట్లో. మాది డోంగ్లి దిక్కు మెరక ఊరు. అక్కడ ఎండకు గోడలు బీటలు తీసేవి గానీ పాచి పట్టడం నేను చూడలేదు. ఇక్కడ నిజాంసాగర్ కాలువకు నీళ్లు వదిలితే ఊరి చుట్టూ మళ్లన్నీ నిండిపోయేవి. గాలి కూడా తడిసినట్టు ఉండేది. అట్లాగని ఎండ తక్కువేం కాదు. పగలంతా గోడ పెనంలా కాలేది. పొద్దు వాలాక పొలాల మీది నుంచి చెమ్మ వచ్చి ఆ వేడి గోడకే అంటుకునేది. మాది రాతి గోడల మీద స్లాబు వేసిన చిన్న ఇల్లు. దసరా ముందు సున్నం వేస్తే, మళ్లీ దసరా వచ్చే నాటికి స్లాబు అంచు కింద నల్లటి చారలు దిగేవి. ఎండ తగలని వెనక గోడ పాచి పట్టి జారుడుగా ఉండేది. ఏటా వెయ్యక తప్పేది కాదు.

ఆ ఇల్లు కట్టించింది మా మామ. నేను రాకముందే పోయాడు. గోడలకు తెల్ల సున్నం తప్ప ఇంకోటి తగలకూడదన్నది ఆయన పద్ధతి. ఆయన పోయాక కూడా అదే నడిచింది.

పెండ్లైన రెండో ఏడు అనుకుంటాను. నేనూ అత్తమ్మా పెరట్లో డ్రమ్ములో సున్నపు రాళ్లు నానేశాం. అవి నీళ్లు తాగి బుసబుస పొంగుతున్నాయి. తెల్లటి ఆవిరిలో ఆమె ముఖం కనిపించీ కనిపించకుండా ఉంది. కట్టెతో కలుపుతూ, నాతో కాకుండా ఆ డ్రమ్ముతో మాట్లాడుతున్నట్టు అంది.

"నాకు తెలుపు మొదటిసంది మనసుకు పట్టదు."

"మరి ఏ రంగు కావాలె అత్తమ్మా?"

కట్టెను డ్రమ్ము అంచుకు ఆనించింది. తర్వాత చెప్పింది. కొత్త కోడలిగా ఎడ్లబండి మీద ఈ ఊరికి వస్తుంటే కాలువ పక్కన నారుమళ్లు కనిపించాయట. అంత లేత పచ్చదనాన్ని ఆమె అంతకు ముందు ఎన్నడూ చూడలేదట. బండి ఆగితే బాగుండు అనుకుందట, ఆపమని చెప్పడానికి మాత్రం సిగ్గేసిందట. ఇల్లు కట్టినప్పుడు ఆ రంగు వేయిద్దామని మామను అడిగింది. "ఇల్లేమన్న పొలమా?" అని ఆయన నవ్వాడట.

"కోపంగ అన్లేదు. మంచిగనే నవ్విండు. ఇగ నేను మల్ల అడగలే."

ఆ పూట అన్నం పెడుతూ మా ఆయనతో చెప్పాను. ఆయనకు బస్టాండు దగ్గర ఎరువుల దుకాణం. రోజంతా మాట్లాడి వచ్చి ఇంట్లో మాటలు పొదుపుగా వాడేవాడు.

"నాయిన ఉన్నప్పటిసంది తెల్లగనే ఉన్నది. ఇప్పుడు మారిస్తే నలుగురు ఏమంటరు? ఆయన పోయిన్నంక అవ్వకు రంగులు గావాలె అంటరు."

ఆ ఏడు తెల్ల సున్నమే వేశాం.

మరుసటేడు నేను బజారుకు పోయి ఆకుపచ్చ రంగు పొడి తెచ్చాను. ఎవరినీ అడగలేదు. పాత చీరలో వడగట్టిన సున్నంలో పొడి పోసి కలిపాను. అత్తమ్మ చూసింది. కొంగు నడుముకు చెక్కి కుంచె అందుకుంది. తడిగా ఉన్నప్పుడు ఆ రంగు ముదురుగా, కొంచెం మొరటుగా కనిపించింది. ఆరుతున్న కొద్దీ లేతబడి, మధ్యాహ్నానికి ఆమె చెప్పిన పచ్చదనం దగ్గరికి వచ్చింది. వాకిట్లో మా చేతుల మీద, ముఖాల మీద కూడా పలచని పచ్చ వెలుగు పడింది. కుంచె దించితే ఎవరైనా వచ్చి ఆపుతారేమో అన్నట్టు వేస్తూనే ఉన్నాం.

మా ఆయన భోజనానికి వచ్చేసరికి మా చేతులు అందినంత ఎత్తు పచ్చగా, దాని పైన తెల్లగా ఉంది ఇల్లు. సైకిల్ పట్టుకుని వాకిట్లోనే నిలబడ్డాడు. వాళ్ల అమ్మ వెనక్కి తిరగలేదు, కుంచె మాత్రం ఆగింది. ఆయన సైకిల్ స్టాండు వేశాడు. అంగీ విప్పి దండెం మీద వేసి, పక్కింటి నుంచి నిచ్చెన మోసుకొచ్చాడు.

"పైన మీకేడ అందుతది," అన్నాడు. "బకెట్ ఇటియ్యి."

పొద్దు గూకే వేళకు ఇల్లంతా పచ్చనైంది. కాళ్లు కడుక్కుని గడపలో కూర్చున్నామో లేదో వాన మొదలైంది. మబ్బు పట్టడం కూడా చూడలేదు మేము. సున్నం పట్టుకోవడానికి కొంచెం పొద్దన్నా కావాలి. ఆ వాన అంత పొద్దు ఇవ్వలేదు. మా కళ్ల ముందే పచ్చని నీళ్లు గోడ దిగి, వాకిలి దాటి, వీధిలోకి పోయాయి. నాకు ఏడుపు వచ్చింది. మా ఆయన లోపలికి పోయి మంచం మీద పడుకున్నాడు. అత్తమ్మ మాత్రం అక్కడే కూర్చుని, చెయ్యి చాచి స్లాబు అంచు నుంచి పడే నీళ్లు పట్టుకుంటూ ఉంది.

తెల్లారి చూస్తే గోడ మీద రంగు కొన్ని చోట్ల నిలిచింది, కొన్ని చోట్ల పోయింది. కొన్ని చోట్ల సన్నటి పోగుల్లా జారి ఎండిపోయింది. దూరం నుంచి చూస్తే వానలో పొలం లాగా ఉంది. మా ఆయన కొత్త సున్నం తెస్తానని బయలుదేరాడు.

"వద్దు. గట్లనే ఉండనీ," అంది అత్తమ్మ.

"అందరు నవ్వుతరవ్వా."

"నవ్వనీ. నాకు మంచిగ అనిపిస్తున్నది."

ఏడాదంతా ఆ గోడలు అట్లాగే ఉన్నాయి. వీధిలో పోయేవాళ్లు కాసేపు ఆగి చూసేవారు. కొందరు నవ్వారు, నిజమే. మామ పోయాక ఆమెకు రంగులు కావాల్సి వచ్చాయని మాత్రం ఎవరూ అనలేదు, అన్నా మా దాకా రాలేదు. మా ఆయన ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. చలికాలం పొద్దున పలచని ఎండ ఆ గోడ మీద పడినప్పుడు ఇంట్లో ఉన్నామో పొలం గట్టు మీద ఉన్నామో తెలియనట్టుండేది నాకు.

ఆ తర్వాత కొన్నేండ్లకు సిమెంటు రంగులు వచ్చాయి. మా ఆయన పిట్లం నుంచి ఒక పెయింటర్ అన్నను పిలిపించాడు. అతను ఇంటి చుట్టూ తిరిగి, గోడలు తట్టి చూసి చెప్పాడు. "సున్నమైతే ఏటా ఎయ్యాలె. గిదైతే మూడు, నాలుగేండ్లు ఫికర్ లేదు. పడమటి గోడ ఎండకు ముందుగాల ఎలుస్తది. ఎన్క గోడకు పాచి వస్తది, అది ఏడాదికోసారి తోమి కడుక్కోవాలె."

మా ఆయన సంతోషించాడు. అత్తమ్మ ముఖం చిన్నబోయింది.

"నాలుగేండ్లదాంక గిదే రంగా?" అని అడిగింది.

పెయింటర్ అన్న కుంచె పట్టుకుని ఆమె వైపు చూశాడు. రంగు తొందరగా పోతుందని అడిగేవాళ్లను చూశాడు గానీ, పోవడం లేదని దిగులు పడే మనిషిని చూసి ఉండడు. ఆ సారి బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వు లేత గులాబీ రంగు వేయించింది. నాలుగేండ్లు ఆగలేదు. మూడో ఏడే పడమటి గోడ వెలిసిపోయిందని రోజూ చెప్పి చెప్పి, పండిన వరి పసుపు రంగు మా ఆయన చేత వేయించింది.

రెండు వేల సంవత్సరం దాటాక ఆమె అడగడం తగ్గిపోయింది. ఎవరింటికి పోయినా నేల చూస్తూ కూర్చునేది. పెద్దతనం అనుకున్నాం. ఒకరోజు చాయ్ గ్లాసు అందుకోబోయి పక్కన గాలిని పట్టుకుంటే అప్పుడు దవాఖానకు తీసుకుపోయాం. రెండు కళ్లలో శుక్లాలు. ఒక కంటికి ఆపరేషన్ చేసి, కొన్నాళ్లాగి రెండో కంటికి చేశారు.

కట్టు విప్పాక నల్లద్దాలు పెట్టుకుని ఆటోలో ఇంటికి వచ్చింది. గేటు దగ్గర దిగి అద్దాలు తీసింది. ఆ మధ్య ఏండ్లలో ఇంటికి రంగు వెయ్యాలన్న ధ్యాసే మాకు రాలేదు. గుర్తు చేసే మనిషి ఊరుకుంటే మేమూ ఊరుకున్నాం. పడమటి గోడ పొడి పొడిగా రాలుతోంది. స్లాబు కింద చారలు కిటికీల దాకా దిగాయి.

"గింత మాసిందా ఇల్లు?" అంది నెమ్మదిగా. "నా కండ్లల్ల ఇంకా పసుపుగనే ఉన్నదే."

తర్వాత తల ఎత్తి ఇంటి మీది ఆకాశం చూసింది. చూస్తూనే ఉండిపోయింది. ఆటో అతను కిరాయి తీసుకుని వెళ్లిపోయాడు. నేను సంచి పట్టుకుని నిలబడ్డాను.

"నీలం గింత నీలంగ ఉంటదా బిడ్డా? లేకుంటే దవాఖానోల్లు ఏమన్న జేసిండ్రా?"

"ఎప్పుడూ గట్లనే ఉంటది అత్తమ్మా."

"ఉండదు. నేను సూడలే గీ నీలం."

దుకాణం నుంచి రంగుల కార్డు తెస్తే రోజూ మధ్యాహ్నం దాన్ని వెలుగులో పెట్టుకుని చూసేది. ఒక్క నీలంలోనే ఎన్నో గళ్లు. వేలు పెట్టి ఒక్కొక్కటీ దాటుకుంటూ పోయి, ఒక చోట ఆగేది, మరునాడు ఇంకో చోట ఆగేది. వానలు తగ్గి, తడి గోడలు పూర్తిగా ఆరేదాకా రంగు వెయ్యకూడదన్నాడు పెయింటర్ అన్న. అప్పటికి అతనికీ జుట్టు నెరిసింది. ఆమె రోజూ గోడకు అరచెయ్యి ఆనించి చెమ్మ చూసేది. చలి మొదలయ్యాక ఒకనాడు, "ఆరింది, పిలువున్రి" అంది.

పాచి గీకి, గోడలు కడిగి, ఆరనిచ్చి, రెండు పూతలు వేశారు. పని ముగిసిన సాయంత్రం ఇల్లెక్కడ ఆగిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో నాకు కాసేపు తెలియలేదు.

మరునాడు మధ్యాహ్నం అత్తమ్మ ఇంట్లో కనిపించలేదు. వెతుక్కుంటూ వాకిట్లోకి వస్తే, వీధికి అవతల, ఎదురింటి అరుగు మీద స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. ఎదురింటి అక్క అడుగుతోంది.

"ఏందవ్వా, ఇల్లు మంచిగ రంగేసుకొని మా అరుగు మీద కూసున్నవు?"

"మా ఇంట్ల కూసుంటే మా ఇల్లు గనవడది గద పిల్లా," అంది అత్తమ్మ.

నేను లోపలికి పోయి చాయ్ పెట్టి, రోడ్డు దాటి ఆమెకు అక్కడికే తీసుకుపోయాను.