పోలినాయుడి సారీ

విజయనగరం నుంచి రాయపూర్ వెళ్ళే రైల్లో పోలినాయుడి కాలు ఎదుటి ముసలమ్మకు తగిలింది. వెంటనే గుండెమీద చెయ్యేసుకుని, మెడ కాస్త వంచి "సారీ" అన్నాడు. ఆ మాటా, ఆ వంపూ తను పనిచేసే రైల్వే షెడ్డులో తెల్లదొరను చూసి పట్టినవే. ఎప్పుడనాలో, ఎంత మెల్లగా అనాలో గోడకు చెప్పి చెప్పి నేర్చుకున్నాడు ఆ ఫిట్టరు. బూట్లు తొడిగే ఆ దొరల దేశంలో కాలు తగిలితే మాటతో సరిపోతుంది కాబోలు.

"అంటే ఏటి నాయినా?" అంది ముసలమ్మ.

"తప్పయిపోనాదని, అమ్మా."

"మరైతే తాకి కళ్ళకద్దుకోవేటి? మీ అమ్మ నేర్పనేదా?"

పెట్టెలో వాళ్ళంతా నవ్వారు. చెవులు కాలిపోతుండగా పోలినాయుడు వంగి చెయ్యి చాపాడు. ఆమె అప్పటికే కాళ్ళు ముడిచి కుచ్చెళ్ళ కింద దాచేసుకుంది.

"వద్దులే దొరబాబూ, సెయ్యి మాసిపోద్ది."

చాపిన ఆ చేతిని ఏం చెయ్యాలో తెలియనివాడిలా జేబులో దోపుకున్నాడు. రాయపూర్ రాగానే, వెళ్ళొస్తానని కూడా అనకుండా దిగి వెళ్ళిపోయాడు.