అవ్వ చేతి ముద్ద

మొన్న మేముండే హూడిలో పిల్లల డాక్టరమ్మ మూడేళ్ళ మా మనవరాలిని పరీక్షించి, పళ్ళన్నీ చక్కగా వచ్చాయి గానీ పాపకు నమలడమే అలవాటు కాలేదని, అందుకే బరువు తగ్గిందని, ఇకమీదట తినిపించడం మానేసి పళ్ళెం పాప ముందు పెట్టమని చెప్పింది. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళితే పొద్దంతా పిల్లను చూసుకునేది నేనే కాబట్టి ఆ మాట నేరుగా నాకే తగిలింది. ఇల్లు చేరేదాకా నాకు మా అవ్వే గుర్తొస్తూ ఉంది.

నన్ను పెంచింది ఇదే నగరంలో, పాత అంగళ్ళుండే చిక్కపేటలో, అమ్మను కన్న అవ్వాతాతలు. నా వెనకే కవలలు పుట్టేసరికి అమ్మ ముగ్గురిని సాకలేక, ఏడాదిన్నర పిల్లనైన నన్ను వాళ్ళ దగ్గర వదిలి నాన్న పనిచేసే ఊరికి వెళ్ళిపోయింది. తాత బట్టల అంగడిలో గుమాస్తా, పండగ పండగకూ నన్ను గోడకు ఆనించి నిలబెట్టి, బట్టలు కొలిచే గజం కడ్డీతో కొలిచి, అంగుళం పెరిగినా వీధంతా చెప్పుకునేవాడు. అవ్వకు మాత్రం నా బుగ్గలే కొలత. మధ్యాహ్నం వీధి అరుగు మీద కూర్చోబెట్టి, తోపుడుబండ్లను చూపిస్తూ, రాగిసంగటిని ఉసిరికాయంత ఉండలు చేసి పులుసులో ముంచి నోట్లో పెట్టి, "నమలద్దప్పా, అట్లే మింగు" అనేది. సంగటిని మావాళ్ళెవరూ నమలరు, నిజమే. కానీ అవ్వ అన్నాన్నీ, దోసెనూ, చివరికి అరటిపండునూ అట్లాగే మెదిపి పెట్టేది. పక్కింటావిడ ఏమైనా అంటే, "తల్లికి దూరంగా ఉండాది బిడ్డ, నేను పెట్టకుంటే ఎవరు పెడతారు?" అని కసిరేది. ఏడేళ్ళు వచ్చేదాకా నా చెయ్యి పళ్ళెంలో పడనే లేదు.

అప్పుడు అమ్మ వచ్చి నన్ను తీసుకుపోయింది. కొత్త ఇంట్లో మొదటి పూట, పళ్ళెం ముందు నోరు తెరుచుకుని కూర్చున్న నన్ను చూసి కవలలు పకపకా నవ్వారు. అమ్మ ఒక్క ముద్దయినా పెడుతుందని ఎదురుచూశాను, పెట్టలేదు. ఏడాదిన్నరకే వదిలిన బిడ్డకు ఎట్లా పెట్టాలో ఆమెకూ తెలియలేదేమోనని ఇప్పుడు అనుకుంటాను గానీ, అప్పుడు ఆమె మీద ఒకటే కోపం. ఆకలికి ఓర్చుకోలేక మూడోనాటికి నేనే నేర్చుకున్నాను, చిక్కి సగమయ్యాను కూడా. అంతమంది ఉన్న ఇంట్లో అంత ఒంటరిగా మళ్ళీ ఎప్పుడూ తినలేదు. అక్కడ చిక్కపేటలో అవ్వ చాలా రోజులు నాకూ ఉండలు చేసి పళ్ళెం అంచున పెట్టేదని తాత తర్వాతెప్పుడో చెప్పాడు.

ఇదంతా అనుభవించి కూడా, మనవరాలికి అన్నీ మెదిపి నోట్లో పెడుతూ నేను అవ్వ చేసిన పనే చేశాను. కొడుకు ఉండే ఈ పన్నెండో అంతస్తు ఇంట్లో పొద్దంతా నాతో పని ఉన్నది ఆ పిల్లకొక్కదానికే, ఆ పని కూడా పోతుందేమోనని భయం. నిన్న మధ్యాహ్నం పళ్ళెం ముందు పెడితే, సగం నేలపాలు చేసినా, దోసె ముక్కను బుగ్గన పెట్టుకుని కరకరా నమిలింది. అలవాటు కొద్దీ ముద్ద కలిపి చెయ్యి చాస్తే, "నేనే!" అంటూ నా చేతిని తోసేసింది. నిజంగా సంతోషమేసింది, కళ్ళల్లో నీళ్ళూ తిరిగాయి.

అవ్వకు ఇదంతా చెప్పే డాక్టరమ్మ లేదు, నాకు ఉంది, కాలం మారిందంటే అంతే. మా పిల్ల ఎవరింటికి వెళ్ళినా నోరు తెరుచుకుని కూర్చోదు. చేతిలో మిగిలిపోయిన ముద్దను ఏం చేసుకోవాలో మాత్రం అవ్వకూ ఎవరూ చెప్పలేదు, నాకూ చెప్పలేదు.