పలచని నీళ్ళలో పదిసార్లు

రంగుల షెడ్డులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. ముసలి యజమాని మొదలుకుని నిన్నగాక మొన్న చేరిన ఆవిడ దాకా అందరికీ ఆమె రంగులక్కే. ఇరవై రెండేళ్ళుగా ఉల్లిపొట్టు, దానిమ్మ తొక్కలు, టీ ఆకు పెద్ద పెద్ద గంగాళాల్లో మరిగించి, చిలపలుగా చుట్టిన నూలుకు రంగెక్కించడం ఆమె పని. గోళ్ళ చుట్టూ దిగిన గోధుమరంగు ఏ సబ్బుకూ లొంగదు. మనిషీ అంతే, ఓ పట్టాన లొంగే రకం కాదు. ఏదైనా పట్టుకుందంటే ఉడుంపట్టే.

ఆమెకు వెనకా ముందూ ఉన్నది ఒక్క తమ్ముడు. లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో సగం మేడల లిఫ్టులు అతని చేతి మీదుగా బాగుపడినవే. పిత్తనాళాల జబ్బు ఒకటి చాపకింద నీరులా పాకి అతని కాలేయాన్ని తినేసింది. కళ్ళు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది, పానా పట్టే చేతికి గ్లాసు బరువైంది. ఎవరైనా కాలేయంలో ముక్క ఇస్తే తప్ప బతకడని, మూడు నెలలకు మించి ఆగడం ప్రమాదమని డాక్టరమ్మ చెప్పింది.

"ఎవరైనా ఏంటి, నేను లేనూ!" అంది రంగులక్క.

రక్తం కలిసింది, గుండె బాగుంది. స్కానింగు దగ్గర బండి ఆగిపోయింది. ఆమె కాలేయంలో పంతొమ్మిది శాతం కొవ్వు ఉంది. పదికి లోపైతేనే కత్తి పెడతామన్నారు. రంగులక్కకు తల కొట్టేసినట్టయింది. జీవితంలో చుక్క మందు తాగి ఎరగదు. కాకపోతే షెడ్డులో రోజుకు ఆరేడు సార్లు చక్కెర దండిగా వేసిన టీ, దాంతో పాటు బిస్కెట్లు, సాయంత్రం తీపి బన్నులు. అవీ మందుతో సమానంగా కొవ్వు పోగుపెడతాయని ఆమెకెవరు చెప్పారు గనక?

ఆస్పత్రిలో ఆహారం సంగతి చూసే ఆవిడ సన్నగా, కళ్ళద్దాలతో ఉంటుంది. ఆవిడ ఓపిగ్గానే చెప్పింది. చక్కెర మానాలి, బరువు తగ్గాలి, రోజూ నడవాలి. పళ్ళెంలో సగం ఆకుకూరలూ కూరగాయలూ ఉండాలి. "మొక్కల్లో రంగునీ చేదునీ వగరునీ ఇచ్చే పదార్థాలుంటాయి. వాటివల్ల లివర్‌కి కొంత మేలు జరగొచ్చని పరిశోధనలు చెప్తున్నాయి."

ఇంత చెప్తే రంగులక్క చెవికెక్కింది ఒక్క ముక్కే. మొక్కల్లో రంగు! వగరు! ఇరవై రెండేళ్ళుగా తను పిండుతున్నది అదేగా! ఆకులు బస్తాలకొద్దీ నమిలి ఎప్పటికి తేలేను, సారం తీసి తాగితే పోలా అనుకుంది. షెడ్డులో మొదట నేర్పేది కూడా అదే, పది బాల్చీల నీళ్ళు మరిగి మరిగి ఒక బాల్చీ కావాలి. ఇంకేం, ఇంట్లో పొయ్యి మీద గిన్నె ఎక్కింది. గ్రీన్ టీ ఆకు గుప్పెళ్ళకొద్దీ పోసి, గిన్నెడు నీళ్ళు గ్లాసుడయ్యేదాకా కాచి, ముక్కు మూసుకుని పొద్దునొకటి, సాయంత్రమొకటి తాగింది. అది చాలదన్నట్టు మందుల షాపులో అదే ఆకు సారంతో చేసిన గొట్టం మాత్రల సీసా ఒకటి తెచ్చుకుంది. చక్కెర మానేసింది, అంతవరకు మెచ్చుకోవాలి. కూరగాయలు మాత్రం మార్కెట్లో పలకరించి వచ్చేసేది. సారమే తాగుతున్నప్పుడు పిప్పితో పనేమిటని ఆమె ధీమా.

నాలుగు వారాలకు రక్తపరీక్ష చేశారు. డాక్టరమ్మ కాగితం చూసి మొహం చిట్లించింది. నలభైకి లోపు ఉండాల్సిన లివర్ ఎంజైము నూట ఎనభై దాటింది.

"ఏం తాగుతున్నారమ్మా మీరు?"

రంగులక్క గర్వంగానే చెప్పింది. చెబుతూ చెబుతూ డాక్టరమ్మ మొహం చూసి గొంతు తగ్గించింది.

"కప్పు టీ తాగితే ఎవరూ కాదనరు. కప్పుల కొద్దీ సారం ఒక్క గుక్కలో పోస్తే, దాన్ని విరగ్గొట్టి బయటికి పంపాల్సింది ఆ లివరే కదా! ఈ గొట్టం మాత్రలతో లివర్ దెబ్బతిని మా దగ్గరికొచ్చిన వాళ్ళున్నారు. ఈ క్షణం నుంచి అన్నీ మానేయండి. ఎంజైములు మామూలుకొచ్చేదాకా మిమ్మల్ని దాతగా లెక్కలోకి తీసుకోం."

తమ్ముణ్ణి బతికిస్తానని బయల్దేరి చేజేతులా తన లివర్‌నే చెడగొట్టుకుంది. తమ్ముడికీ విషయం తెలిసింది. "వద్దక్కా, వదిలెయ్. నాకోసం నువ్వు కూడా పడిపోతే ఎట్లా?" అన్నాడు. ఆమె లేచి వచ్చేసింది. దారిలో కళ్ళ నీళ్ళు ఆగలేదు.

మర్నాడు షెడ్డులో కొత్తావిడ తొందరపడి, చిక్కటి రంగు గంగాళంలో చిలపను తిన్నగా ముంచేసింది. తీసేసరికి మచ్చలు మచ్చలుగా వచ్చింది. రంగులక్క ఒంటికాలి మీద లేచింది.

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా నీకు! చిక్కటిదాంట్లో ఒక్కసారి ముంచితే పైపైనే అంటుకుని నూలు పాడవుతుంది. నీళ్ళు కలిపి పలచన చెయ్యి. పదిసార్లు ముంచు. ముంచినప్పుడల్లా ఆరనియ్యి. అప్పుడుగానీ రంగు లోపలికి..."

మాట నోట్లోనే ఆగిపోయింది. సారం తీయడం సగం విద్యేనని, మిగతా సగం దాన్ని పలచన చేయడమని ఎన్నేళ్ళుగా ఎందరికి చెప్పి ఉంటుంది! తన ఒంటి దగ్గరికి వచ్చేసరికి తెలివి ఏ గంగాళంలో మునిగిందో. కొత్తావిడ భయంభయంగా చూస్తోంది. "నిన్ను కాదులే, నన్ను నేను తిట్టుకుంటున్నా," అని రంగులక్క చిలప తనే అందుకుంది.

ఆ సాయంత్రమే కళ్ళద్దాలావిడ దగ్గరికి వెళ్ళి, ఈసారి చెవులు రెండూ అప్పగించి కూర్చుంది. ఆవిడ దాచకుండా చెప్పింది. "ఆ పదార్థాలు ఒక్కటే ఏ మేరకు పనిచేస్తాయో ఇంకా తేల్తూనే ఉంది. కూరగాయ మొత్తంగా తింటే పీచుతో కడుపు నిండుతుంది, తీపి మీదికి మనసు పోదు. ఖాయంగా కొవ్వు కరిగించేది మాత్రం బరువు తగ్గడమే. రోజూ కొంచెం కొంచెం, అంతే."

"పలచని నీళ్ళలో పదిసార్లు," అంది రంగులక్క. ఆవిడకు అర్థం కాలేదు. రంగులక్కకు అయింది, చాలు.

ఆ రోజు నుంచి పళ్ళెంలో సగం పాలకూర, క్యాబేజీ, బీట్‌రూటు, చిక్కుళ్ళు. అన్నీ పళ్ళతో నమిలి తినడమే, గిన్నెలో కాచేది లేదు. టీలో చక్కెర లేదు. తోటివాళ్ళు బన్నులు తెచ్చుకుంటే పొట్లం వాసన తగలకుండా గంగాళం అవతలికి పోయి నిలబడేది. మొదటి పది రోజులు ఆమె చిరాకుకు షెడ్డంతా హడలిపోయింది.

నడకకు తమ్ముడి ఇల్లే గమ్యం. ఇంటి నుంచి నలభై నిమిషాల దూరం, ఆపైన నాలుగో అంతస్తు. లిఫ్టు ఉంది, నిక్షేపంగా నడుస్తుంది, ఆమె మాత్రం మెట్లే ఎక్కేది. మొదట్లో అంతస్తుకోసారి చతికిలబడి రొప్పుతుండేది. తమ్ముడు తలుపు దగ్గర కుర్చీ వేసుకుని ఆ అడుగుల చప్పుడు వింటూ కూర్చునేవాడు.

"ఏంటక్కా, నేను బాగుచేసిన లిఫ్టంటే నమ్మకం లేదా?"

"నీ లిఫ్టుకేం! దిట్టంగా ఉంది. నా కాలేయం పదికి దిగిన రోజున ఎక్కుతా."

మూడు వారాలకు ఎంజైములు మామూలు స్థితికి వచ్చాయి. తమ్ముడికి మాత్రం రోజురోజుకీ కుర్చీలోంచి లేవడమే గగనమైంది. ఒకరోజు ఆమె చెయ్యి పట్టుకుని, అందకపోతే బెంగపెట్టుకోవద్దన్నాడు. ఆమెకు ఒళ్ళు మండింది. "అందకపోవడమేంట్రా? నోర్మూసుకుని ఇంకో నాలుగు వారాలు ఊపిరి పీలుస్తూ కూర్చో. మిగతాది నేను చూసుకుంటా," అని నాలుగంతస్తుల మెట్లూ విసవిసా దిగిపోయింది. ఆ సాయంత్రం ఒక మైలు ఎక్కువే నడిచింది.

పదకొండో వారంలో మళ్ళీ స్కానింగు. నర్సు వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టబోయి, "గోళ్ళరంగు తీసేసి రావాలమ్మా," అంది. "ఇది పోయే రంగు కాదు, చెవికి పెట్టు తల్లీ," అని పడుకుంది రంగులక్క. డాక్టరమ్మ వచ్చి కాగితం చూసింది, ఆమెను చూసింది, మళ్ళీ కాగితం చూసింది. తర్వాత ఆపరేషనుకు తారీఖు రాసిచ్చింది.

ఆ రోజు నడవలేదు. ఆటో ఎక్కింది. మేడ కింద మెట్ల దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి లిఫ్టు మీట నొక్కింది. నాలుగో అంతస్తులో తలుపు తెరుచుకునేసరికి తమ్ముడు గుమ్మంలో గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మెట్ల చప్పుడు వినపడలేదు. రాలేదేమో అనుకున్నా..." అంటూ లిఫ్టు వంకా, ఆమె వంకా చూసి ఆగిపోయాడు. "ఎంత?"

"ఆరు."

అతని పచ్చటి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నా లిఫ్టు ఎట్లా ఉందక్కా?"

"రెండో అంతస్తు దగ్గర కాస్త కుదుపుంది," అంది రంగులక్క, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

"ఆపరేషన్ కానీ," అన్నాడు తమ్ముడు. "వచ్చి నేనే చూస్తా."