చెవులక్క వినని చప్పుడు

ఆమెను అందరూ చెవులక్క అనేవాళ్లు. ఎగతాళిగా మొదలై, పోనుపోను గౌరవంగా స్థిరపడిన పేరు. తారురోడ్డు అయిపోయి కొండదారి మొదలయ్యే చోట ఆమె సైకిల్ రిపేరు కొట్టు ఉండేది. రాళ్ల మీదా చెట్ల వేళ్ల మీదా సైకిల్ దూకించే సరదా ఉన్నవాళ్లు పైకి వెళ్లేముందు అక్కడ ఆగి, బండి ఆమెకు అప్పజెప్పేవాళ్లు. ఆమె బ్రేకులు నొక్కి చూసేది. టైర్లలో గాలి బొటనవేలితో తూచేది. గొలుసుకు నూనె పెట్టి, ఎక్కువైంది గుడ్డతో తుడిచేది. నూనె చెయ్యి బ్రేకు డిస్కు మీద వేయబోయిన వాళ్ల చెయ్యి మీద ఒకటి వేసేది.

చివరికి అసలు పరీక్ష. హ్యాండిలూ సీటూ పట్టుకుని సైకిల్‌ను జానెడెత్తు లేపి, కళ్లు మూసుకుని వదిలేసేది. టైర్లు నేలకు తగిలిన మెత్తటి చప్పుడు తప్ప ఇంకేదీ వినబడకూడదు. "టిక్" అంటే వెనక చక్రంలో స్పోకు పుల్ల వదులు. "టక్" అంటే ముందు భాగంలో ఏదో బిగుసుకోలేదు. ఎక్కడిదో చెప్పేసి, అక్కడే పానా వేసేది. ఆమెలో ఏదో మహిమ ఉందని చెప్పుకునేవాళ్లు. మహిమా లేదు, మన్నూ లేదు. మంచి చెవి ఉంది, దాన్ని వాడుకునే ఓపిక ఉంది. ఆమెకు పని నేర్పిన తండ్రి ప్రతి బోల్టూ చేత్తో పట్టి చూసేవాడు. అంత చాదస్తం తనకెందుకని ఆమె నవ్వేది.

ఆ గదిలోనే రెండో సగం ఆమె భర్తది. ఆయన దర్జీ. ఒకవైపు గ్రీజు, మరోవైపు తెల్ల చొక్కాలు. మధ్యలో ఒక పాత దుప్పటి తెరగా వేలాడేది. ఆమె సైకిల్ ఎత్తిన క్షణాన ఆయన కుట్టుమిషను మీంచి కాలు తీసేవాడు. బేరాలాడేవాళ్లూ కబుర్లాడేవాళ్లూ నోళ్లు మూసుకునేవాళ్లు. ఆయన ఎప్పుడైనా మరిచిపోతే, "ఆ రైలు ఆపుతారా, నన్నే వచ్చి గొలుసు లాగమంటారా?" అని ఆమె అరిచేది. కొట్టంతా నవ్వు.

ఒకనాడు ఆయన కాలరు కుడుతూ నిజంగానే ఆపడం మరిచిపోయాడు. మిషను టకటకా నడుస్తూనే ఉంది. ఆమె సైకిల్ ఎత్తింది, కళ్లు మూసుకుంది, వదిలింది, బాగుందని పంపించేసింది. రైలు మాట ఎత్తలేదు. అప్పుడాయన మిషను ఆపి ఆమె వైపు చూశాడు. తర్వాత తర్వాత గమనిస్తే మిగతావీ కనబడ్డాయి. వెనకనుంచి పిలిస్తే పలకదు. పొయ్యి మీద నీళ్లు మరిగి పొంగుతున్నా తిరిగి చూడదు. ఎదుట నిలబడిన మనిషి నోటివైపు చూస్తూ మాట్లాడుతుంది.

ఆయన ఆమెకు చెప్పలేదు. బదులుగా తనే వినడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ ఆపినట్టే మిషను ఆపేవాడు; ఆమె కళ్లు మూసుకున్నప్పుడు తెర ఇవతల ఆయన చెవి రిక్కించేవాడు. చప్పుడు పట్టుకుంటే మెల్లగా లేచి వచ్చి, "ఆ పుల్ల ఏదో వంగినట్టు కనబడుతోందే, చూడకూడదూ" అనేవాడు. ఆమె చూసేది, నిజమే అయ్యేది, ఆయన కళ్లను మెచ్చుకునేది. ఇలా చాలాకాలం నెట్టుకొచ్చారు. ఇదంతా ప్రేమ అంటే కాదనను. కాకపోతే ఆ ప్రేమకు పూచీ పడింది ఆయన కాదు, ఆ సైకిళ్ల మీద లోయ అంచున దిగేవాళ్లు. ఈ సంగతి ఆయనకు తెలియదనుకోను. తెలిసీ ఇంకొక్క రోజు, ఇంకొక్క రోజు అని వాయిదా వేసే రకం మనిషి.

ఆమెకు ఒక్కడే తమ్ముడు. కరెంటు ఆఫీసులో మీటర్లు బాగుచేసేవాడు. సెలవు దొరికితే కొండే. వాడు కొట్లో అడుగుపెట్టాడంటే బావను ఏడిపించకుండా పని జరగదు. ఆ రోజు ఆదివారం. కొట్టు కిటకిటలాడుతోంది. బస్సులో తేవడానికి ముందు చక్రం విప్పానని, దిగాక మళ్లీ తనే పెట్టానని చెప్పి, "నీ చెవి ఒకసారి వెయ్యక్కా" అని సైకిల్ చేతికిచ్చాడు.

ఆమె లేపింది, వదిలింది. "టక్" మంది. తెర ఇవతల ఆయనకు స్పష్టంగా వినబడింది. ముందు చక్రం ఇరుసు పూర్తిగా బిగియలేదు. ఆమె కళ్లు తెరిచి, "భేషుగ్గా ఉంది, పోరా" అంది.

ఆయన లేచి వచ్చాడు. "ఆ ఇరుసు ఒకసారి చూడవే."

తమ్ముడు అందుకున్నాడు. "బావా, సైకిల్‌కి గుండీ ఊడిందా ఏం? మా అక్క విన్నాక నువ్వెవరయ్యా చెప్పడానికి? వెళ్లి ఆ లాగుల సంగతి చూసుకో."

అందరూ నవ్వారు. చెవులక్కకు మాటలు అందాయో లేదో గానీ, అందరి మొహాలూ చూసి తనూ నవ్వింది. బావమరిది వేళాకోళానికి ఉడుక్కుంటే ఇంకా అలుసైపోతామని ఆయనా నవ్వేశాడు. తర్వాతి మనిషి అప్పటికే తన బండి ముందుకు తోస్తున్నాడు. తమ్ముణ్ణి బయట పట్టుకుని చెబుదామని ఆయన చెప్పులేసుకునేలోపు వాడు దారి మలుపు తిరిగిపోయాడు. కాసేపు నిలబడ్డాడు. ఏం కాదులే అనుకున్నాడు. వచ్చి మిషను తొక్కాడు.

దిగుడులో ముందు చక్రం జారి వచ్చేసింది. వాడి తలకు హెల్మెట్ ఉంది కాబట్టి బతికాడు. వెన్ను విరిగింది. నడుం కింద ఇక చలనం ఉండదని ఆసుపత్రివాళ్లు చెప్పేశారు.

ఆసుపత్రి గదిలో కిటికీ పక్క మంచం. తమ్ముడి భార్య మందులకని కిందికి వెళ్లింది. చెవులక్క మంచం పక్కన కూర్చుని అదే పనిగా ఒకే మాట తిప్పుతోంది. తను విన్నదట, చప్పుడన్నదే లేదట, పైకి వెళ్లాక ఎక్కడో టైరు పంక్చరైతే వాడే మళ్లీ చక్రం విప్పి ఉంటాడట. వాడు మొదట లేదన్నాడు. రెండోసారీ లేదన్నాడు. అక్క మొహం చూసి మూడోసారి, "విప్పానేమోనే. గుర్తు రావడం లేదు. విప్పే ఉంటాను" అన్నాడు.

గోడకు ఆనుకుని నిలబడ్డ భర్త అది భరించలేకపోయాడు. కాళ్లు పోయినవాడు తప్పు కూడా నెత్తిన వేసుకుంటున్నాడు. ఆయన దగ్గరికి వచ్చి, "వాడు విప్పలేదు" అన్నాడు. ఆమె ఇటు తిరగలేదు. ఇంకాస్త గట్టిగా అన్నాడు. తిరిగి, "ఏంటి?" అంది. కొన్ని మాటలు చెవిలో చెప్పుకోవలసినవి. ఆమెకు చెవిలో చెప్పే వీలు లేకుండా పోయింది. అందుకని అరవవలసి వచ్చింది.

"వాడు విప్పలేదు. నువ్వు వదిలినప్పుడే చప్పుడొచ్చింది. నేను విన్నాను. నీకు వినబడలేదు. నీకు వినబడక చాలా కాలమైంది."

పక్క మంచాలవాళ్లు చూశారు. నర్సు తొంగి చూసి వెళ్లింది. తమ్ముడు కళ్లు మూసుకున్నాడు. చెవులక్క భర్తను, "ఎప్పట్నుంచి?" అని ఒక్కటే అడిగింది. తనకు చెవుడు ఎప్పట్నుంచో అడగడం లేదు. ఆయనకు ఎప్పట్నుంచి తెలుసో అడుగుతోంది.

గుమ్మంలో తమ్ముడి భార్య నిలబడి ఉంది. చేతిలో మందుల సంచీ. అంతా విన్నది. ఏడవలేదు, తిట్టలేదు. "అన్నయ్యగారూ, మీరిక ఇక్కడికి రాకండి" అంది. అన్నయ్యగారనడం మాత్రం మానలేదు.

ఇలాంటి కథలు క్షమాపణతో, కన్నీళ్లతో, కావలింతలతో ముగించడం రివాజు. ఇక్కడ అవేవీ జరగలేదు. చెవులక్క రోజూ ఆసుపత్రిలోకి వెళ్లేది, ఆయన గేటు దగ్గర ఉండిపోయేవాడు. చెవికి మిషను పెట్టించుకుంది. దాంతో మనిషి మాట తెలుస్తుంది గానీ, లోకంలోని చప్పుళ్లన్నీ రేకు డబ్బాలో పడ్డట్టే వినబడతాయి. కొండకు వెళ్లేవాళ్ల సైకిళ్లు పట్టడం మానేసింది. పిల్లల సైకిళ్లకు పంక్చర్లు వేస్తుంది. ఆయనతో మాట్లాడుతుంది, అన్నం పెడుతుంది. కోపం ఉందా అంటే కోపమంటూ కనబడదు. ఆయన ఏదైనా బాగుందని చెబితే మాత్రం, తను మళ్లీ ఒకసారి చూసుకుంటుంది.

వర్షాలు వెనకబట్టాక ఒక పొద్దున తమ్ముడి చక్రాల కుర్చీని మరదలు తోసుకుంటూ వచ్చింది. వాడు అందులోనే ఉన్నాడు. ఎడమ చక్రం ఊగుతోంది. ఇంటి దగ్గర బాగుచేసేవాడు ఉన్నా వాడు ససేమిరా అన్నాడట, అక్క చెయ్యే పడాలన్నాడట. చెవులక్క వద్దంది. వాడు వినలేదు. అప్పుడు వాణ్ణి బల్ల మీదికి దింపించి, కుర్చీని బోర్లించి, ప్రతి బోల్టూ పానాతో పట్టి, వదిలి, మళ్లీ పట్టి చూసింది. మధ్యలో వాడు బావ ఏడని అడిగాడు. ఆయన తెర వెనక ఉన్నాడు. రమ్మని వాడు అనలేదు, వేళాకోళమూ ఆడలేదు. ఆయన రాలేదు.

పని అయ్యాక, వాళ్లు బయల్దేరారు. వీధి చివర ఇంకో సైకిల్ కొట్టుంది. మరదలు అక్కడ ఆగింది. వాడు తల అటూ ఇటూ ఊపుతూ ఏదో అన్నాడు, వద్దనే అయి ఉంటుంది. ఆమె కొట్టతణ్ణి పిలిచి ఎడమ చక్రం చూపించింది. అతను పానా తెచ్చుకుని వంగాడు.

చెవులక్క గుమ్మంలోంచి అంతా చూసింది. లోపలికి వచ్చి చేతులు కడుక్కుంది. ఆ అమ్మాయి స్థానంలో ఉంటే తనూ అదే చేసి ఉండేదాన్నని భర్తతో అంది.