మస్కట్ ద్రాక్ష, మా పెద్దబాపు ముక్కు

పోయిన వారం ఇక్కడ గుజరాత్‌లో, గోడాదరాలో మా టిఫిన్ బండి దగ్గర దోసె తిప్పుతుండగా ఫోన్ వచ్చింది. ఉధ్నాలో ఉండే పెద్దబాపు, అంటే మా నాన్న అన్న, నిద్రలోనే పోయాడని. దోసె మాడిపోయింది. ఒకప్పుడైతే ఆ మాడు వాసన వీధి చివర నుంచే పసిగట్టి నన్ను తిట్టేవాడు. అది తలుచుకుని అక్కడే ఏడ్చేశాను.

మరమగ్గాల మోత ఆయన చెవులను సగం తినేసింది కానీ ముక్కు మాత్రం దిట్టం. నా చేతి సాంబారుకు పేరొచ్చిందంటే ఆయన పుణ్యమే. ఆయన కూతురు, మా అక్క, నాసిక్‌లో వైన్ చేసే చోట ఉద్యోగానికి పోతానంటే మావాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు. "ఆడివిల్ల సారా కాస్తదా?" అన్నారు. "దానిది నా ముక్కు. పోనీయుండ్రి" అన్నాడు పెద్దబాపు.

ఒకసారి నేనూ పెద్దబాపూ నాసిక్ వెళ్లాం. గుజరాత్‌లో మందు నిషేధం కదా, అక్కడైతేనే రుచి చూడగలం. మస్కట్ అనే తెల్ల ద్రాక్షతో చేసిన వైన్‌ను అక్క చల్లగా గ్లాసులో పోసిచ్చింది. ఈయన అలవాటు కొద్దీ చాయ్‌లాగా సాసర్‌లో ఒంపుకుని ఉఫ్ ఉఫ్ అని ఊదాడు! అక్క తల పట్టుకుంది. అంతలో గులాబీ, నారింజ పూత కలిసినట్టున్న వాసన గుప్పుమంది.

"సూసినవా? మరీ సల్లగుంటే వాసన ముడుసుకుంటది. జర సలువ ఇరగనీయి. ముందుగాల ముక్కు తాగాలె, ఎనుక నోరు."

కారం మిరపకాయ బజ్జీ కొరికి, ఒక గుటక వేసి, "గిప్పుడు జోడీ కుదిరింది" అని మురిసిపోయాడు. అప్పటి నుంచి ఏటా కోతలప్పుడు అక్క మస్కట్ గుత్తులు తెచ్చేది. ఆయన వాసన చూసి బాగుందంటేనే ఆమెకు నమ్మకం.

నిరుడు జ్వరమొచ్చి తగ్గాక ఆయనకు వాసన తెలియకుండా పోయింది. నాకొక్కదానికే చెప్పాడు. "అక్కకు చెప్పకు బిడ్డా. నా మాట మీదనే దాని ధైర్యం."

పోయే ముందు వారం అక్క మళ్లీ గుత్తి తెచ్చింది. ఆయన గట్టిగా పీల్చి, "అబ్బ! అచ్చం గులాబే" అన్నాడు. అక్క నవ్వింది.

మూడోనాడు పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి విస్తరిలో పెట్టి, కాకి ముట్టేదాకా ఎదురుచూడటం మా ఆచారం. మేడ మీద అన్నం, బజ్జీలు, ఆ మస్కట్ పళ్లు పెట్టాం. కాకి నీళ్ల ట్యాంకు మీద కూర్చుంది కానీ దిగలేదు. ఏం కోరిక మిగిలిందోనని పెద్దవాళ్లు గొణుగుతున్నారు. అక్క ముందుకొచ్చి చేతులు జోడించింది.

"బాపూ, నీకు వాసన వస్తలేదని నాకు ఎరుకే. అబద్ధమాడినంక నువ్వు నా మొకం సూడలే. ఏం రంది పెట్టుకోకు. ఇగ నా ముక్కునే నమ్ముకుంట. తీపన్న తెలుస్తది గద, జర తిను."

కాకి దిగింది. బజ్జీ జోలికి పోలేదు. ఒక్క ద్రాక్షపండు కరుచుకుని, మగ్గాల షెడ్ల రేకుల మీదుగా ఎగిరిపోయింది.