మింగినా అరగని పచ్చ

మా కోడలు కాలేజీ ల్యాబులో సీసాలకు కాపలా కాస్తుంది. సీసాల్లో నీళ్ళు, నీళ్ళలో కంటికి ఆనని జీవులు. పురుగులకు సేవ చేసే ఉద్యోగమేమిటని పెళ్ళయిన కొత్తలో ముక్కున వేలేసుకున్నాను. నా నోరు ఊరుకునేది కాదు. ఆమె మాత్రం నాకు దూరంగా, గోడవారన కూర్చుని నాలుగు ముద్దలు తిని పనికి పోయేది.

ఈ వేసవిలో చేజేతులా కొంప ముంచుకుంది. సెలవుల్లో ఎండకు నీళ్ళు వేడెక్కుతాయని సీసాలకు నల్లగుడ్డ కప్పింది. తీసి చూస్తే ఆకుపచ్చగా ఉండాల్సిన జీవులు తెల్లగా పాలిపోయాయి. అవి దొరికే కుంటను ఎప్పుడో పూడ్చేశారు. పరీక్షల నాటికి పచ్చవి లేకపోతే ఉద్యోగం ఉండదని పెద్ద మేడం చెప్పేసిందట. కోడలికి ముద్ద దిగడం లేదు. మనసు ఊరుకోక, క్యారియర్ వంకతో నేనే ల్యాబుకు వెళ్ళాను.

"ఆ పచ్చ వాటిది కాదత్తయ్యా. లోపల కాపురముండే నాచుది. ఈ జీవీ ఒక కణమే, నాచూ ఒక కణమే. అది వెలుతురుతో చక్కెర చేసి దీనికి పెడుతుంది. చీకట్లో నాచు పోయింది. వేరే సీసాలో పెంచిన నాచు ఇందాకే కలిపాను."

"కలిపితే?"

"మింగుతుంది."

"నీ మొహం. మింగితే అరిగిపోదూ?"

"చాలావరకు అరిగిపోతాయి. ఏ ఒకటో రెండో బతుకుతాయి. చూడండి."

మైక్రోస్కోపులో కన్ను పెట్టాను. చెప్పు ఆకారంలో గాజులాంటి జీవి ఒకటి గిరగిరా తిరుగుతోంది. దాని నడుమ పచ్చటి ఉండలు గోధుమరంగుకు తిరుగుతున్నాయి. నా ప్రాణం ఉసూరుమంది. అయినా కన్ను తీయబుద్ధి కాలేదు. అంచున, చర్మం కిందనే, ఒక్క నలుసు నవనవలాడుతూ కనిపించింది.

"ఇదెలా బతికిందే?"

"అరిగించే సంచిలోంచి తప్పించుకుని గోడవారకు చేరింది. అక్కడ దాని జోలికి ఎవరూ రారు. ఇక అక్కడే పెరుగుతుంది."

"ఎలా తప్పించుకుంది?"

"అది మా మేడంకీ పూర్తిగా తెలీదు."

ఆ నలుసు రెండైంది, నాలుగైంది. పరీక్షలకు ముందే సీసా పచ్చబడింది, ఉద్యోగం నిలబడింది. ఆ సాయంత్రం భోజనాల దగ్గర అడిగాను.

"నేనూ నిన్ను తక్కువ నమిలానా? ఎలా నెగ్గుకొచ్చావే?"

"అందుకే కదత్తయ్యా, గోడవారన కూర్చునేది."

నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చాయి.

"చాల్లే, ఇక ఇటు జరుగు," అని నా పక్కన చోటు చేశాను.